ఎడారి గండ్లలో నీటి లెక్క

ఎడారి అనగానే మనలో చాలామంది కళ్ళముందు మెదిలేవి ఇసుక తిన్నెలు, ఒంటెలు, ఖర్జూరపు చెట్లు. పాఠ్యపుస్తకాల పుణ్యమా అని చిన్నప్పటినుంచీ ఆ బొమ్మ మనసులో ముద్రపడిపోయింది. కాని ఇసుకకన్నా రాయే ఎక్కువగా ఉండే ఎడారులు కూడా ఉన్నాయి. అమెరికా పశ్చిమ భాగంలో యూటా, ఆరిజోనా, కొలరాడో, న్యూ మెక్సికో రాష్ట్రాలు నాలుగూ కలిసేచోట పరచుకుని ఉన్న కొలరాడో పీఠభూమి అటువంటిది. అక్కడి ఇసుకరాతి పొరలను నదులూ వాగులూ లక్షల సంవత్సరాలుగా కోస్తూ వచ్చాయి. పెద్ద నది కోసినది కాన్యన్ అయింది. చిన్న వాగు కోసినచోట, చేతులు చాపితే రెండు గోడలూ తగిలేంత ఇరుకు గండి ఏర్పడింది. మన గండికోట పేరులోని గండి అన్న మాట ఇక్కడికి సరిగ్గా సరిపోతుంది.

ఈ వ్యాసం రాయడానికి కారణం ఉంది. మన కళాశాలల్లో చదివి పై చదువులకూ ఉద్యోగాలకూ అమెరికా వెళ్ళినవారు ఎందరో ఉన్నారు. నాలుగు రోజులు సెలవు దొరికితే నలుగురు మిత్రులు కలిసి కారు అద్దెకు తీసుకుని ఈ ప్రాంతాలకు వెళ్ళడం మామూలే. నేను ఆ ప్రాంతాన్ని కళ్ళారా చూడలేదు, పుస్తకాల్లో చదివాను, పటాల్లో చూశాను. అయినా రాసే ధైర్యం ఎందుకు వచ్చిందంటే, అక్కడి ప్రమాదాలు చాలావరకు చివరికి నీటి దగ్గరకే వచ్చి ఆగుతున్నాయి. నీటి సంగతి అనంతపురం జిల్లా రైతు కుటుంబంలో పుట్టినవాడికి ఎవరూ ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు.

ఉదాహరణకు ఒక్క ప్రాంతాన్నే తీసుకుంటాను. యూటా రాష్ట్రంలో 1964లో ఏర్పడిన కాన్యన్‌లాండ్స్ నేషనల్ పార్క్ ఉంది. గ్రీన్ నది, కొలరాడో నది దాని నడిబొడ్డున కలుస్తాయి. ఆ రెండు నదులూ పార్కును మూడు ముక్కలు చేశాయి. పడమటి ముక్క పేరు మేజ్, అంటే చిక్కుదారుల కోట. మన పద్మవ్యూహం అనుకోండి. అక్కడ ఏడాదికి పడే వాన సుమారు 230 మిల్లీమీటర్లు. మా అనంతపురంలో 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లో పడుతుంది, దాన్నే మనం కరువు సీమ అంటున్నాం.

మొదట దారి సంగతి. తారు రోడ్డు వదిలాక 74 కిలోమీటర్లు మట్టి రోడ్డున పోతే హాన్స్ ఫ్లాట్ అనే రేంజరు కార్యాలయం వస్తుంది. అక్కడ పటాలు దొరుకుతాయి గాని తిండి, పెట్రోలు, తాగునీరు దొరకవు. వాతావరణం బాగుంటే మామూలు కారు అంతవరకే పోగలదు. ఆపైన మేజ్ గండ్ల దగ్గరికి చేరడానికి ఇంకా 3 నుంచి 6 గంటలు పడుతుంది. దానికి నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే జీపు, అదీ నేలకు బాగా ఎత్తుగా ఉండేది, కావాలి. ఫ్లింట్ ట్రెయిల్ అనే వంకర టింకర ఘాట్ దారి మీదుగా కిందికి దిగాలి. ఆ దారి చాలావరకు బంకమట్టి. ఎండినప్పుడు గట్టిగానే ఉంటుంది, తడిస్తే సబ్బులా జారుతుంది. చలికాలంలో తరచు మూసేస్తారు.

ఈ బంకమట్టి గుణం మన నల్లరేగడికి దగ్గరి చుట్టం. ఆ పీఠభూమి మీద చాలాచోట్ల కనిపించే బెంటొనైట్ బంకమన్నులో ప్రధాన ఖనిజం మాంట్‌మోరిల్లొనైట్. నల్లరేగడి ఉబ్బడానికీ, ఎండితే నెర్రెలు విచ్చడానికీ కూడా ఈ జాతి ఖనిజాలే కారణం. వాటి పొరల మధ్యకి నీరు చేరితే పొరలు ఎడమై, ఒకదానిమీద ఒకటి జారిపోతాయి. వాన వెలిసిన మర్నాడు రేగడి చేలో బండి తోలినవాడికి ఈ సిద్ధాంతం పుస్తకం చదవకుండానే తెలుసు. కనుక అక్కడ వాన పడితే చేయవలసింది ఒక్కటే. బండి ఆపి, నేల ఆరేదాకా కూర్చోవడం. ఒక రోజు పట్టవచ్చు, రెండు రోజులూ పట్టవచ్చు. ఆ రెండు రోజుల తిండీ నీళ్ళూ ముందే బండిలో ఉండాలన్నమాట.

ఇసుకలో దిగబడినప్పుడు మాత్రం కొంచెం భౌతికశాస్త్రం పనికొస్తుంది. 2400 కిలోల బండి నాలుగు చక్రాల మీద నిలబడితే చక్రానికి 600 కిలోలు. టైరులో గాలి ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 2.4 కిలోలుంటే, నేలకు ఆనే భాగం ఉజ్జాయింపుగా 250 చదరపు సెంటీమీటర్లు. గాలి సగం తీసేస్తే అది 500 అవుతుంది. బరువు మారలేదు, పాదం మాత్రం రెట్టింపయింది. ఒంటె పాదం వెడల్పుగా ఉండడంలోని రహస్యం ఇదే. గట్టి నేల రాగానే తిరిగి గాలి కొట్టుకోవాలి కనుక చేతిపంపు మరవకూడదు. దానితోబాటు పూర్తి సైజు స్టెప్నీ, ఎత్తు జాకీ, పార, అదనపు పెట్రోలు ఉండాలి. బండి పాడైతే లాక్కొచ్చే ఖర్చు వెయ్యి డాలర్లు దాటిపోతుంది. పైగా చాలా అద్దెకార్ల ఒప్పందాల్లో మట్టి రోడ్డు ఎక్కకూడదన్న షరతు చిన్న అక్షరాల్లో ఉంటుంది. మనవాళ్ళు సంతకం పెడతారేగాని దాన్ని చదవరు.

ఇక నీటి లెక్క. పార్కు వారు చెప్పేది మనిషికి రోజుకు ఒక గ్యాలను, అంటే సుమారు 4 లీటర్లు. ఎందుకంత? ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే శరీరం నుంచి సుమారు 2400 కిలోజౌళ్ళ వేడిని తీసుకుపోతుంది. ఎండలో మూట మోస్తూ నడిచే మనిషికి గంటకు ఒక లీటరు చెమట పోవడం వింతకాదు. వేసవిలో అక్కడ 38 డిగ్రీల సెంటిగ్రేడు దాటుతుంది. పొడిగాలి కాబట్టి చెమట పట్టిన వెంటనే ఆరిపోతుంది, ఒళ్ళు తడిగా అనిపించదు. నీరు పోతున్నట్టు మనిషికి తెలియదు. మోసం ఇక్కడే ఉంది. మన కోస్తా ఉక్కపోతలో చొక్కా తడిసి ముద్దయితే జాగ్రత్తపడతాం, అక్కడ చొక్కా పొడిగానే ఉంటుంది. ఉప్పు కూడా పోతుంది కనుక వట్టి నీళ్ళే తాగితే చాలదు, ఉప్పు తగిలిన తిండి ఏదైనా తింటూ ఉండాలి.

నాలుగు రోజులు నడవాలంటే మనిషికి 16 లీటర్లు, అంటే 16 కిలోలు. దాదాపు మూడోవంతు బస్తా బియ్యం వీపున మోసుకుంటూ రాళ్ళు దిగడమన్నమాట. గండ్లలో కొన్ని ఊటలున్నాయి. ఏ ఊటలో ఈ నెల నీరుందో రేంజరును అడిగి తెలుసుకోవాలి, వడకట్టి శుద్ధి చేసుకుని తాగాలి. పటంలో ఊట గుర్తు ఉన్నంత మాత్రాన నేలమీద నీరుంటుందన్న హామీ లేదు. మా వైపు పటాల్లో చెరువులన్నీ నీలంగానే ఉంటాయి!

2024 జూలై 12న ఇదే పార్కులో, ఇంకొక ముక్కలో, సింక్‌లైన్ అనే కాలిబాటన నడకకు వెళ్ళిన ఒక తండ్రీ కూతురూ దారి తప్పారు. తెచ్చుకున్న నీళ్ళు అయిపోయాయి. సహాయం కోరుతూ ఫోనులో సందేశం పంపగలిగారు. రక్షకులు చేరేసరికి ఇద్దరూ మరణించారు. ఆ రోజు ఎండ 38 డిగ్రీలు దాటింది. మేజ్ పక్కనైతే చాలా భాగంలో ఫోను సిగ్నలే అందదు.

దారి తప్పడం అక్కడ ఎంత తేలికో పటం చూస్తే అర్థమవుతుంది. సమోన్నత రేఖలు ఒకదాని మీద ఒకటి పడిపోయి, వేలిముద్రలాగా కనిపిస్తాయి. రెండు చోట్ల మధ్య గద్ద ఎగిరే దూరం ఒక కిలోమీటరే ఉండవచ్చు, నడిచేదూరం పది ఉండవచ్చు. ఉపగ్రహ సంకేతాలతో దారి చూపే యంత్రాలు గద్ద దారినే చూపుతాయి. వాటిని నమ్ముకుని తప్పుడు దారి పట్టినవారున్నారని పార్కు వారే హెచ్చరిస్తారు. అందుకని కాగితపు పటం, దిక్సూచి వెంట ఉండాలి, వాటిని చదవడం ముందే నేర్చుకుని ఉండాలి. బయలుదేరేముందు ఏ దారిన పోతున్నామో, ఏ రోజుకు తిరిగి వస్తామో ఇంకొకరికి రాసి ఇవ్వాలి.

ఈ ఆఖరి మాట ఎంత విలువైనదో చెప్పడానికి ఆరన్ రాల్‌స్టన్ కథ చాలు. 2003 ఏప్రిల్ 26న అతను ఒంటరిగా ఈ ప్రాంతంలోనే బ్లూ జాన్ అనే ఇరుకు గండిలో దిగాడు. ఎక్కడికి పోతున్నదీ ఎవరికీ చెప్పలేదు. మూడు, నాలుగు వందల కిలోల బండరాయి కదిలి అతని కుడిచేతిని గోడకు అదిమేసింది. అయిదు రోజులు అలాగే ఉండి, నీళ్ళు పూర్తిగా అయిపోయాక, మే 1న చిన్న కత్తితో తన చేతిని తానే కోసుకుని బయటపడ్డాడు. నడిచి వస్తూంటే నెదర్లాండ్స్ నుంచి వచ్చిన ఒక కుటుంబం ఎదురుపడింది. 2010లో దీన్ని '127 అవర్స్' పేరుతో డానీ బాయిల్ చిత్రంగా తీశాడు. దానికి సంగీతం మన ఏ.ఆర్. రెహమాన్. 1869లో గ్రీన్, కొలరాడో నదుల వెంట పడవల్లో వచ్చి ఈ ప్రాంతాన్ని శాస్త్రీయంగా పరిశీలించిన జాన్ వెస్లీ పావెల్‌కు కూడా కుడిచేయి లేదు. ఆయన దాన్ని 1862లో యుద్ధంలో పోగొట్టుకున్నాడు. కాకతాళీయమే అనుకోండి, చదువుతూంటే విచిత్రమనిపించింది.

నీరు లేకపోవడం ఒక ప్రమాదమైతే, నీరు రావడం ఇంకొకటి. జూలై నుంచి సెప్టెంబరు దాకా అక్కడా ఒక రుతుపవన కాలం ఉంది. మధ్యాహ్నంవేళ ఉరుములతో కుండపోతగా కురుస్తుంది. మన నేలలాగా పీల్చుకోవడానికి అక్కడ మట్టి ఏదీ? అంతా నున్నటి బండ. ఒక లెక్క వేసి చూశాను. 10 చదరపు కిలోమీటర్ల పరీవాహక ప్రాంతంలో 25 మిల్లీమీటర్ల వాన పడి, అందులో సగం గండిలోకి పారిందనుకుందాం. అది లక్షా ఇరవై అయిదు వేల ఘనపు మీటర్లు. గంటలో పారిపోవాలంటే సెకనుకు దాదాపు 35 ఘనపు మీటర్లు. గండి వెడల్పు 2 మీటర్లు, వేగం సెకనుకు 4 మీటర్లయితే, నీటి లోతు 4 మీటర్లు దాటుతుంది. అంటే రెండు నిలువుల పైమాటే. మన దృష్టిలో 25 మిల్లీమీటర్లంటే విత్తనం వేయడానికి సరిపోయే పదును, అంతకుమించి ఏమీ కాదు.

ఈ లెక్కలో అసలు భయంకరమైన విషయం, వాన పడే చోటు వేరు, వరద వచ్చే చోటు వేరు కావడం. 1997 ఆగస్టు 12న ఆరిజోనాలో పేజ్ ఊరి దగ్గరి దిగువ యాంటిలోప్ గండిలో జరిగింది ఇదే. అది నవాహో జాతివారి భూమి. గండి దగ్గర వాన లేదనే చెప్పాలి. ఎగువన ఎక్కడో కురిసిన వాన నీరు గోడలా వచ్చి పడి 11 మంది యాత్రికులు చనిపోయారు. అప్పటి చెక్క నిచ్చెనలు కొట్టుకుపోయాయి. తరవాత రాతికి బిగించిన ఇనుప నిచ్చెనలు పెట్టారు. 2015 సెప్టెంబరు 14న జయాన్ పార్కులోని కీహోల్ గండిలో వరదకు మరో ఏడుగురు పోయారు. పైన ఆకాశం నీలంగా ఉందా అని చూస్తే చాలదు, ఎగువ పరీవాహకం అంతటి మీదా ఆకాశం ఎలా ఉందో తెలియాలి. మా ఊరి వంక కూడా ఇంతే. మా నాన్న ఇసుకలో కాలు పెట్టేముందు పడమటి కొండల వైపు ఒకసారి చూస్తాడు.

గండిలో నడిచేటప్పుడు తల ఎత్తి చూస్తే, నిలువెత్తు పైన రెండు గోడల మధ్య ఇరుక్కుపోయిన చెట్టు దుంగలు కనిపిస్తాయి. అది పాత వరద మట్టం. నీరు ఉన్నట్టుండి బురద రంగుకు తిరిగినా, పుల్లలూ చెత్తా తేలివచ్చినా, దూరంగా రైలు శబ్దంలాంటిది వినిపించినా సామాను వదిలి పైకెక్కాలి. ఎంత చల్లగా, మెత్తగా ఉన్నా వాగు ఇసుకలో రాత్రి పడక వేయకూడదు.

పగలు నడకకు మాత్రం ఆ వాగు ఇసుక, లేకపోతే బండరాయే సరైనది. పక్కన నల్లగా, బుడిపెలు బుడిపెలుగా కనిపించే మట్టి మీద అడుగు పెట్టవద్దంటారు. అది ప్రాణమున్న పొర. నీలి ఆకుపచ్చ శైవలాల సన్నటి దారాలు ఇసుక రేణువులను కుట్టినట్టు పట్టి ఉంచుతాయి. వాటితో లైకెన్లు, నాచు చేరతాయి. మనం వరి మళ్ళలో నత్రజని కోసం వేసే నాస్టాక్ శైవలపు జాతి అక్కడి పొరలోనూ ఉంది, అదే పని చేస్తుంది. ఒకసారి బూటుకింద నలిగితే తిరిగి కట్టుకోవడానికి దశాబ్దాలు పడుతుంది.

మేజ్ ఓవర్‌లుక్ అనే అంచు మీదినుంచి లోపలికి దిగే బాట రాళ్ళు పేర్చిన గుర్తులతో సాగుతుంది. కొన్నిచోట్ల చేతులతో పట్టుకుని దిగాలి, మూటలను దింపడానికి 25 అడుగుల తాడు కావాలి. అడుగున ఒక గోడ మీద, రెండు వేల ఏళ్ళకు పూర్వం మనుషులు వేసిన ఎర్రటి బొమ్మలున్నాయి. ఒక బొమ్మ చేతిలో గింజ పట్టిన గడ్డికంకిలాంటిది ఉంది. అందుకే దానికి హార్వెస్ట్ సీన్, అంటే కోతల దృశ్యం, అన్న పేరు వచ్చింది. జీపూ పటమూ లేని ఆ మనుషులు ఏడాదికి 230 మిల్లీమీటర్ల వానతో ఆ గండ్లలో బతికారు. ఏ ఊట ఏ నెలలో పారుతుందో వాళ్ళకు కంఠతా వచ్చి ఉంటుంది.