చవక పంపు కొనేముందు అడుగు మూత విప్పండి

మిరప పూత మీద ఉన్నప్పుడు పంపు మొరాయిస్తే పోయేది పంపు ధర ఒక్కటే కాదు. 2021లో నల్ల తామరపురుగు పూలలో చేరి గుంటూరు, ప్రకాశం తోటల్ని నాశనం చేసిన ఏడాది చూసినవాళ్లకు ఈ లెక్క చెప్పనక్కర్లేదు. ఒక్క కోత తగ్గితే పోయే డబ్బుతో మంచి పంపులు నాలుగొస్తాయి. అయినా పురుగుమందుల కొట్లో అడుగుపెట్టగానే మన చెయ్యి అన్నిటికన్నా చవకదాని మీదికే పోతుంది. వీపున తగిలించుకునే బ్యాటరీ పంపులు, పెట్రోలుతో నడిచే తైవాన్ పంపులు ఇవాళ నరసరావుపేట నుంచి మార్కాపురం దాకా ఎక్కడ చూసినా అవే. పేరు తైవానే గాని, డబ్బా తిప్పి చూస్తే చాలావాటి మీద చైనా అని ఉంటుంది. చైనా సరుకంతా చెత్త అని నేననను. ఒకే అచ్చులో పోసినట్టున్న పంపు మీద పది రకాల స్టిక్కర్లు కనబడుతుంటే, చెడిపోయాక ఎవరి గడప తొక్కాలన్నదే నా సందేహం. అది తేల్చుకోవాల్సింది కొట్లోనే, డబ్బు ఇంకా మన జేబులో ఉండగానే.

ముందు డబ్బా చదవాలి. ప్యాకింగ్‌లో వచ్చే దిగుమతి సరుకు మీద ఏ దేశంలో తయారైందో, ఎవరు తెప్పించారో వాళ్ల పేరూ చిరునామా, నెల, సంవత్సరం, ఎమ్మార్పీ, ఫిర్యాదు చేయడానికి ఫోన్ నంబరు ఉండాలని తూనికలు కొలతల శాఖ 2011 నిబంధనలు చెబుతున్నాయి. ఆ నంబరుకు కొట్లో నిలబడే ఫోన్ కొట్టండి. ఎవరూ ఎత్తలేదనుకోండి, లేదా ఎత్తినవాడు "డీలర్‌ను అడగండి" అన్నాడనుకోండి, రేపు మోటారు కాలిపోయాక దొరికే జవాబూ అదే. సెల్‌ఫోన్‌లో ఆర్డరు పెట్టేవాళ్లకూ ఇదే పని. దిగుమతి సరుకైతే ఏ దేశానిదో, తెప్పించినవారెవరో అమ్మకం పేజీలోనే చూపాలని 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలున్నాయి. చూపనివాడి దగ్గర రెండొందలు తగ్గినా కొనొద్దు.

తర్వాత విడిభాగాల సంగతి. ఇది మాటల్లో తేలేది కాదు.

"దీనికి డయాఫ్రం కిట్టు ఉందా అబ్బాయ్?"

"ఎందుకుండదు బాబాయ్, తెప్పిస్తాం."

"తెప్పించడం కాదు, ఇప్పుడియ్యి. పంపుతో పాటే డబ్బులిస్తా."

చాలా బేరాల రంగు అక్కడే బయటపడుతుంది. కొట్లో ఉంటే సరే, లేకపోతే ఊళ్లో పంపులు బాగుచేసే మెకానిక్కు దగ్గరికి వెళ్లి ఆ మోడల్ పేరు చెప్పండి. అతను ఒక పాత పంపు చూపించి "దీని సామాను దానికి పడుతుంది" అంటే ధైర్యంగా కొనొచ్చు. నన్నడిగితే గ్యారంటీ కార్డు కన్నా ఆ మెకానిక్కు మాటకే విలువెక్కువ. ఆస్పీ చేతిపంపుల కాలంలో వాషరు అరిగితే మందు కొన్న కొట్లోనే దొరికేది, మధ్యాహ్నానికి పంపు మళ్లీ చేలో ఉండేది. ఇప్పటి చవక పంపులో పోయిన సుఖం అదొక్కటే, కానీ చిన్నది కాదు.

ఇక అసలు పని, అడుగు మూత విప్పడం. బ్యాటరీ పంపుకు మోటారు, బ్యాటరీ, ప్రెషర్ స్విచ్, వైర్లు అన్నీ ట్యాంకు కిందున్న అరలోనే ఉంటాయి. నాలుగైదు స్క్రూలు తిప్పితే చాలు. కొట్టతను వద్దంటే బేరం అక్కడితో ఆపేయండి. మూత తీశాక మొదట బ్యాటరీ. 12 వోల్టులు, 8 ఆంపియర్-అవర్ అని రాసి ఉన్న సీసం బ్యాటరీ రెండు కిలోల పైనే తూగాలి. కొట్లో కాటా ఉంటుంది, పెట్టి చూడండి. అంతకు బాగా తగ్గితే లోపల సీసం తక్కువ, పైన అంకె ఎక్కువ. (లిథియం బ్యాటరీలు తేలిగ్గానే ఉంటాయి, వాటికి ఈ లెక్క పనికిరాదు.) నిండా చార్జింగ్ పెట్టి కాసేపు వదిలేసిన సీసం బ్యాటరీ మీటరులో 12.7 వోల్టుల దగ్గర చూపించాలి. 12 చూపిస్తే అది చాలాకాలం గోడౌన్‌లో కూర్చున్న సరుకు, లేదా అసలు చార్జింగ్ పెట్టని సరుకు.

వైర్ల చివర్లు చూడండి. టంకం పెట్టి, రబ్బరు తొడుగు వేసి ఉంటే మంచిది. ఊరికే మెలిపెట్టి టేపు చుట్టి ఉంటే, ట్యాంకు కింద నుంచి కారే ఒక్కో చుక్క మందు ఆ రాగిని పచ్చగా తినేస్తుంది. పంపు "ఉన్నట్టుండి ఆగిపోయింది" అని తెచ్చేవాటిలో కొన్నిటికి రోగం మోటారులో కాదు, ఈ అతుకుల్లోనే ఉంటుంది. మధ్యలో ఫ్యూజు ఉందో లేదో కూడా అప్పుడే చూసుకోవాలి.

ఇంతవరకూ ఎండిన పంపు. ఇప్పుడు నీళ్లు పొయ్యాలి. ట్యాంకు నిండా మంచినీళ్లు పోసి, మూత బిగించి, పంపును పక్కకు వంచండి. మూత దగ్గర కారితే రేపు మీ వీపు మీద కారేది మందే. స్విచ్ వేసి గన్ను ట్రిగ్గర్ నొక్కకుండా ఉంచండి. ప్రెషర్ స్విచ్ సరైనదైతే ఒకటి రెండు క్షణాల్లో మోటారు ఆగిపోవాలి. ఆగకుండా మూలుగుతూ ఉంటే, మధ్యమధ్యలో టకటకమని కొట్టుకుంటూ ఉంటే, స్విచ్ అయినా పాడు, ఎక్కడో లీకయినా ఉంది. ట్రిగ్గర్ వదిలాక నాజిల్ నుంచి చుక్కలు పడితే గన్నులో వాషరు సరిగా కూర్చోలేదు. ఇది చిన్న లోపం, అప్పుడే మార్పించుకోవచ్చు.

ఆ తర్వాత కొలత. లీటరు గుర్తులున్న మగ్గు ఒకటి పట్టుకుని నాజిల్ నుంచి నిమిషంలో ఎన్ని నీళ్లు వస్తాయో చూడండి. ఇది మూడుసార్లు చేసి అంకెలు రాసుకోండి, మళ్లీ ట్యాంకు సగం అయ్యాక ఒకసారి. ఎదిగిన మిరపకు, పత్తికి చేతిపంపుతో ఎకరాకు దాదాపు 200 లీటర్లు పడుతుంది, అంటే 16 లీటర్ల ట్యాంకులు పన్నెండు, పదమూడు. నిమిషానికి లీటరు వదిలే పంపుకు ఒక ట్యాంకు ఖాళీ కావడానికి పావుగంట దాటుతుంది. ఎకరం పూర్తి కావాలంటే మోటారు మూడు గంటల పైన తిరగాలి. రెండున్నర ఆంపియర్లు లాగే మోటారుకు కొత్త 8 ఆంపియర్-అవర్ బ్యాటరీ కాగితం మీద లెక్కకే మహా అయితే అంత ఇస్తుంది. పాతబడ్డాక ఇవ్వదు. "ఒక్క చార్జింగ్‌తో రెండెకరాలు" అన్న డబ్బా మీద మాటకు ఈ లెక్క చాలు.

రాసుకున్న అంకె దాచుకోండి. పంటకాలం మధ్యలో అదే మగ్గుతో మళ్లీ కొలిస్తే, పదో వంతు పెరిగిందంటే నాజిల్ రంధ్రం అరిగినట్టు. దాన్ని పారేసి కొత్తది పెట్టాలి. అరిగిన నాజిల్‌తో మందు ఎక్కువ పోతుంది గాని ఆకు మీద నిలవదు, పెద్ద పెద్ద చుక్కలై జారిపోతుంది. పంపుతో పాటు వచ్చే నాలుగైదు రంగుల ప్లాస్టిక్ నాజిళ్లను నేనైతే నమ్మను. పురుగుమందుకు గుల్ల శంకువులా పడే హాలో కోన్ నాజిల్, కలుపుమందుకు పట్టీలా పడే ఫ్లాట్ ఫ్యాన్ నాజిల్, రెండూ మంచివి విడిగా కొనుక్కోవడం మేలు. ముడత పురుగులు ఆకు అడుగున ఉంటాయి, పైనుంచి ఎంత ధారగా కొట్టినా వాటికి స్నానమే.

తైవాన్ పంపుకు పరీక్ష వేరు. తాడు లాగితే ఎన్ని లాగుళ్లకు అందుకుంటుందో చల్లగా ఉన్నప్పుడొకసారి, పది నిమిషాలు నడిచాక ఒకసారి చూడాలి. టూ-స్ట్రోక్ ఇంజనైతే పెట్రోలులో ఆయిలు ఎంత కలపాలో పుస్తకంలో ఉన్నట్టే కలపాలి, అందాజాగా పోస్తే ఇంజను పోయాక కంపెనీవాడి మొదటి సాకు అదే. పంపు పక్కన గ్రీజు కప్పు ఉంటే రోజూ ఒక మెలిక తిప్పాలి. ట్యాంకులో నీళ్లు లేకుండా మాత్రం నిమిషం కూడా నడపకూడదు, లోపలి సీళ్లు మాడిపోతాయి.

లీకుతో ఒంటికి చేరేది విషమేనన్న సంగతి మనవాళ్లు తేలిగ్గా తీసుకుంటారు. 2017లో మహారాష్ట్ర యవత్మాల్ జిల్లా పత్తి చేలలో మందు కొడుతూ రైతులు, కూలీలు వందల్లో ఆస్పత్రి పాలయ్యారు, పదుల్లో చనిపోయారు. విషపు మందుల మిశ్రమాలు, మనిషెత్తు పెరిగిన పత్తి, రక్షణ లేని ఒళ్లు, ఇవన్నీ కారణాలుగా చెప్పారు. సన్నటి మంచులా చిమ్మే చైనా బ్యాటరీ పంపుల పేరూ ఆ చర్చలో గట్టిగానే వినిపించింది. మంచులా పడితే మందు ఆదా అనుకుంటాం, కానీ అది గాలిలోనే ఉండి ముక్కులోకి వస్తుంది. గాలికి ఎదురుగా నడవకండి. వీపు తడిస్తే ఎకరం ఎంత మిగిలినా పంపు దించి కడుక్కోండి.

ఇన్ని చూసి కొన్నా పంపు పాడవ్వచ్చు. చెడిపోయిన రోజే డబ్బాతో, బిల్లుతో, సీరియల్ నంబరు పలకతో కలిపి ఫొటో తియ్యండి, లోపం కనబడేలా చిన్న వీడియో తియ్యండి. స్క్రూలు మీరు విప్పకండి, కొన్నప్పుడు విప్పమన్నది కొట్టతని ముందు. కార్డు మీద మోటారుకు ఒక గడువు, బ్యాటరీకి ఒక గడువు, రబ్బరు సామానుకు అసలు లేదని రాసి ఉంటుంది, ఏది పోయిందో ముందు తేల్చుకోండి. కొట్టతనికి వాట్సాప్‌లో రాతపూర్వకంగా చెప్పండి, నోటిమాట వద్దు. ఆన్‌లైన్‌లో కొన్నదైతే అమ్మకం సంస్థ ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో అందినట్టు చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. అది జరక్కపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చెయ్యొచ్చు.

ఆ మీదట జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం వచ్చాక మనం ఉండే జిల్లాలోనే కేసు వెయ్యొచ్చు, కంపెనీ ఢిల్లీలో ఉన్నా సరే. కొన్న సరుకు ధర 5 లక్షల లోపైతే రుసుము లేదు, లోపం బయటపడ్డ రెండేళ్లలోపు వెయ్యాలి. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చెయ్యొచ్చు. రైతు అమ్మకానికి పండిస్తాడు గనక వినియోగదారుడు కాడన్న వాదన చెల్లదని విత్తనాల కేసులో 2012 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. అయితే తీర్పు నెలల తరబడి పడుతుంది, పురుగు వారం ఆగదు. అందుకే ఆ పూటకు పంపు అద్దెకు తెచ్చుకుని కొట్టండి. అద్దె ఇచ్చినవాడి చేత తేదీ వేసి, ఎన్ని రోజులకు ఎంతో రాయించి సంతకం తీసుకోండి. ఆ కాగితాన్ని బిల్లుతో పాటు ఫిర్యాదుకు జతచేసి నష్టం కింద అడగొచ్చు.