క్రొత్త వస్తువు – పాతబడు చూపు

దిల్‌సుఖ్‌నగర్ నుండి ఎల్.బి.నగర్ వరకు సాగు రాజమార్గమున సాయంకాలము నడచువారికి వస్త్రశాలలు, నగల దుకాణములు, గృహోపకరణముల అంగళ్లు వెలుగులు విరజిమ్ముచు కనబడును. 2018 సెప్టెంబరు 24వ తేదీన అమీర్‌పేట నుండి ఎల్.బి.నగర్ వరకు మెట్రో రైలు ప్రారంభమైనప్పుడు, కిటికీ నుండి నగరమును చూచుటయే ఒక వేడుక. నేడు అదే రైలులో కూర్చుండినవారు చేతిలోని ఫోనునే చూచుకొనుచున్నారు. రైలు మారలేదు; చూపు మారినది. ఇంటికి తెచ్చుకొన్న వస్తువుల గతియు ఇట్టిదే.

ఆ ప్రాంతముననే ఒక లింగాయత గృహస్థుని ఇంటిని ఊహింతము. దసరా పండుగకు 24 నెలల వాయిదాలపై పెద్ద టెలివిజన్ కొనిరి. తొలిదినమున దానికి హారతి ఇచ్చి, ఇరుగుపొరుగువారిని పిలిచి చూపిరి. సంక్రాంతి నాటికి దానిపై దుమ్ము తుడుచువారు లేరు. సంబరము మూడు నెలలలో తీరినది. వాయిదాలు మాత్రము 21 మిగిలినవి. ప్రతి సోమవారము దాసోహమునకై డబ్బాలో వేయు పైకము ఆ వాయిదాలలో కలిసిపోయినది. ఒకనాడు కుమార్తె, “నాన్నా, సోమవారపు డబ్బా ఇప్పుడు మ్రోగుట లేదేమి?” అని అడిగెను. తండ్రికి మాట రాలేదు.

ఇది ఆ ఇంటివారి దోషము మాత్రమే కాదు. మనస్సు స్వభావమే అట్టిది. 1978లో అమెరికాలో ఫిలిప్ బ్రిక్‌మన్ మొదలగు మనస్తత్వ శాస్త్రజ్ఞులు, లాటరీలో పెద్ద మొత్తములు గెలిచిన 22 మందిని ఇతరులతో పోల్చి ఒక అధ్యయనము ప్రకటించిరి. గెలిచినవారు ఇతరులకంటె చెప్పుకోదగినంత అధిక సంతోషముతో లేరు; పైగా దినదినపు చిన్న సుఖములలో వారు పొందు ఆనందము తక్కువగా నుండెను.

ఈ మర్మమును 12వ శతాబ్దపు కల్యాణపురమున శరణులు ఆచరణలోనే గ్రహించిరి. రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట ఆయ్దక్కి మారయ్య కాయకము. ఒకనాడు ఆయన నిత్యము కంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. భార్య లక్కమ్మ సంతోషింపలేదు. అది ఆశ తెచ్చిన బియ్యమని మందలించి, అధికమైనదానిని తిరిగి అచ్చటనే పోసి రమ్మనెను. వారిది సంపన్న గృహము కాదు. లేమిలోనే ఆమె ‘చాలును’ అను హద్దును గీసెను.

అట్లయిన వస్తువులను ద్వేషింపవలయునా? అక్కరలేదు. కరస్థలమున నిలుపు ఇష్టలింగమును తలంపుడు. అదియే లింగము, అదియే అరచేయి, ప్రతిదినము అదియే దర్శనము. అయినను నిజమైన సాధకునికి అది పాతబడదు. ఏలయన ఆతడు దినదినము దృష్టి నిలిపి చూచుచున్నాడు. శ్రద్ధ తొలగినచో పూజయు వట్టి అలవాటగును. కావున క్రొత్తదనము వస్తువులో లేదు, చూచువాని శ్రద్ధలో కలదు. క్రొత్త వస్తువులను వెంట వెంట కొనుటచే ఆ శ్రద్ధ లభింపదు.

కావున ఏ వస్తువు కొనుటకు ముందైనను గృహస్థుడు రెండు ప్రశ్నలు వేసికొనవలయును: ఇది నా కాయకమునకు, కుటుంబపు అవసరమునకు కావలసినదియేనా? దీనివలన దాసోహపు భాగము తగ్గునా? తీసికొన్న వాయిదాలు చెల్లింపక తప్పదు. కాని వచ్చు సోమవారము, ఇతర ఖర్చులకు ముందుగా, ఆ డబ్బాలో ఒక్క రూపాయి యైనను పడవచ్చును. ఆ చప్పుడు కుమార్తెకు వినబడిన చాలును. ఇంటిలో పాఠము తిరిగి ఆరంభమైనట్లే.