ఇసుక నేలల్లో తోట దారికి గ్రావెల్ పరిమాణ నిర్ణయం

ఉద్దానం తీరంలో కొబ్బరి తోటలు చాలావరకు ఇసుక నేలల్లోనే ఉన్నాయి. ఇచ్ఛాపురం మండలంలోని డొంకూరు వంటి తీర గ్రామాలలో రోడ్డు నుండి తోటలోని కాయల కుప్ప వరకు గల కొద్దిపాటి దారి రవాణాకు పెద్ద ఆటంకం. ఎండిన ఇసుకలో ట్రాక్టరు చక్రం దిగబడుతుంది. 2018 అక్టోబరు 11న పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ వంటి తుఫాను తరువాత కూలిన చెట్లను తరలించవలసినదీ ఆ దారిమీదుగానే. గ్రావెల్ పరచదలచిన రైతు మొదట అడిగేది ‘ఎన్ని లోడ్లు కావాలి?’ అని. విస్తరణ శాస్త్రవేత్త దీనికి లోడ్లలో కాక ఘనపరిమాణంలో సమాధానమివ్వాలి.

ఉదాహరణకు 60 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు గల దారిపై అణచిన తరువాత 15 సెంటీమీటర్ల మందం నిలవాలనుకుందాం. పరిమాణం 60 × 3 × 0.15 = 27 ఘనపు మీటర్లు. విద్యార్థులు తరచుగా ఇక్కడే ఆగిపోతారు. ఇది దారిలో మిగిలే గ్రావెల్. కొనవలసినది వదులు గ్రావెల్. రోలరు కింద అది కుదించుకుపోతుంది కనుక సాధారణంగా 20 నుండి 30 శాతం అదనంగా లెక్కిస్తారు. 30 శాతం చేరిస్తే 35.1 ఘనపు మీటర్లు, అనగా సుమారు 1,240 ఘనపుటడుగులు. 100 ఘనపుటడుగులను ఒక యూనిట్‌గా లెక్కిస్తే ఇది 12.4 యూనిట్లు. అణచివేతను మరచినవారికి తొమ్మిదిన్నర యూనిట్లే తేలుతుంది. దారి చివర సుమారు 14 మీటర్లు ఇసుకగానే మిగులుతుంది.

నీరు జారడానికి దారి మధ్య భాగాన్ని ఎత్తు చేయడం మరొక చిక్కు. అంచున 15 సెంటీమీటర్లు ఉంచి, నూటికి 4 వంతున వాలు అంతా గ్రావెల్‌తోనే తీర్చితే మధ్యలో మందం 21, సగటు 18 సెంటీమీటర్లవుతుంది. ఖర్చు ఐదో వంతు పెరుగుతుంది. ఆ వాలును ముందుగా కింది ఇసుకలోనే తీర్చడం మేలు.

ఇసుక ఎంత గ్రావెల్‌ను మింగుతుందో పుస్తకంలోని శాతం చెప్పలేదు. తడి ఇసుకపై బండి నడుస్తుందనీ, పొడి ఇసుకలో దిగుతుందనీ తీరవాసులకు తెలిసినదే. కనుక ఇసుకను తడిపి అణచి, దానిపై ఒక యూనిట్ మాత్రం పరచి చూడాలి. పై లెక్క ప్రకారం అది సుమారు 4.8 మీటర్ల దారికి రావాలి. రోలరు తిప్పిన తరువాత అదే మందంతో 4.4 మీటర్లకే సరిపోతే, మొత్తానికి 60 ÷ 4.4, అనగా 13.6 యూనిట్లు కావాలి. మిగిలిన సరుకును ఈ పరీక్ష తరువాతే తెప్పించడం నా దృష్టిలో అన్నిటికన్నా నమ్మదగిన పద్ధతి.

తొట్టిని కూడా కొలవాలి. లోపలి కొలతలు 10 అడుగులు, 6 అడుగులు, ఒకటిన్నర అడుగు అయితే, సమంగా నింపినపుడు పట్టేది 90 ఘనపుటడుగులే. దానిని యూనిట్‌గా భావించి 14 లోడ్లు తెప్పించినవారికి 1,260 ఘనపుటడుగులే అందుతాయి. పరీక్షలో తేలిన అవసరం 1,360. ప్రయాణంలో సరుకు కొంత కుంగుతుంది కనుక కొలత దించే చోటనే, దించకముందే తీసుకోవాలి.

కాటా బరువుపై కొనేటపుడు వానను గమనించాలి. పొడి బరువులో 10 శాతం తేమ ఉన్నచో 11 టన్నుల సరుకులో ఒక టన్ను నీరే. అణచివేతకు కొంత తేమ అవసరమే గాని, దానిని తోట బావి నుండే చల్లుకోవచ్చు.