పెన్సిల్ పిల్లల చేతిలోనే ఉండాలి

ముప్పై నాలుగేళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పాను. పిల్లల వల్ల, వాళ్ల అమ్మానాన్నల వల్ల నేను నేర్చుకున్నవి ఇవి.

1. పిల్లల ముందు ‘మాకు లెక్కలు రావు’ అనకండి.
ఏడో తరగతి కూతుర్ని వెంటబెట్టుకుని ఒకావిడ వచ్చింది. "మా ఇంటా వంటా ఎవరికీ లెక్కలు రావు సార్, దీనికీ అంతే" అంది. ఆ పిల్ల అప్పుడే భిన్నాల లెక్క ఒకటి సరిగ్గా చేసి నాకు చూపించబోతోంది. తల్లి మాట వినగానే జవాబు మీద అరచెయ్యి కప్పేసింది. నా ప్రాణం ఉసూరుమంది.
ఆ తల్లి డ్వాక్రా గ్రూపు లీడరు. "ముప్పై ఐదు వేలకి, నూటికి రెండు రూపాయల చొప్పున, ఐదు నెలల వడ్డీ ఎంతమ్మా?" అన్నాను. "మూడు వేల ఐదు వందలు" అంది, వేళ్లు కూడా మడవకుండా. "మరి ఇదేమిటి, లెక్క కాదూ?" పిల్ల తల్లి వంక కొత్తగా చూసింది. మెల్లగా చెయ్యి తీసింది.

2. మీ భయాన్ని హోంవర్కు దగ్గరికి తేకండి.
ఒకటి, రెండు తరగతుల పిల్లల మీద షికాగో విశ్వవిద్యాలయం వాళ్లు చేసిన పరిశోధన 2015లో వచ్చింది. లెక్కలంటే భయపడే తల్లిదండ్రులు తరచూ హోంవర్కు చేయిస్తే, ఆ పిల్లలు ఏడాదిలో నేర్చుకున్నది తగ్గింది, భయం పెరిగింది. అంతగా చేయించని ఇళ్లలో ఆ తేడా కనపడలేదు. అలాగని పిల్లల్ని వదిలేయమని కాదు. "ఎలా చేశావో నాకు చెప్పు" అని అడిగి, చెప్పిందాకా వినండి.

3. తొడపాశం వద్దు.
బడిలో ఎంతో ఓర్పుగా చెప్పేవాణ్ణి. ఇంట్లో మా అబ్బాయి ఎనిమిదో ఎక్కం తప్పితే మాత్రం "మాస్టారి కొడుకువి, ఇదీ రాదా?" అని తొడపాశం పెట్టేవాణ్ణి. ఉద్యోగంలో చేరాక ఒకరోజు వాడే చెప్పాడు: "నాన్నా, అప్పుడు నాకు లెక్క కనపడేది కాదు, మీ చెయ్యే కనపడేది." ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

4. ఆడపిల్లకి ఎంపీసీ ఎందుకు అనకండి. దయచేసి అనకండి.

5. పక్కన ఉండండి.
గణాంక శాస్త్రంలో ప్రపంచమంతా ఎరిగిన మన సి.ఆర్. రావు గారు తన పుస్తకాన్ని తల్లి లక్ష్మీకాంతమ్మ గారికి అంకితమిచ్చారు. రోజూ తెల్లవారుజామున 4 గంటలకు లేపి, చదువుకోవడానికి నూనె దీపం వెలిగించి పెట్టేదని అందులో తలుచుకున్నారు.
మా మనవరాలు లెక్కలు చేసుకుంటుంటే నేను పక్కన చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ కూర్చుంటాను. తప్పు చేసినా పెన్సిల్ లాక్కోను. తనే చెరుపుకుని మళ్లీ మొదలుపెడుతుంది.