పాత కంచు కానీ: అరుగుదల చూడటం, తోమినదో కాదో తెలుసుకోవడం



పోయిన ఏడాది మన ట్రస్టు ఉపకార వేతనాల దరఖాస్తులు పరిశీలిస్తున్న రోజున, ఒక విద్యార్థిని తల్లి పాత బిస్కెట్ల డబ్బా తెచ్చి నా ముందు పెట్టారు. "సార్, మా మామగారు దాచిన నాణేలు. పాప ఇంజనీరింగు ఫీజుకు వీటిని అమ్మితే ఏమన్నా వస్తుందా?" అని అడిగారు. మూత తీస్తే లోపలివన్నీ కొత్త రాగి చెంబుల్లా మెరుస్తున్నాయి. "మెరుస్తా ఉంటే ధర ఎక్కువ పలుకుతుందని రాత్రి చింతపండు, ఉప్పు వేసి తోమినాను" అన్నారు.

ఆమెను తప్పుపట్టే అర్హత నాకు లేదు. బ్యాంకులో చేరిన కొత్తలో మా తాతగారి నాణేలను నేనే ఇత్తడి సామాన్ల పాలిష్ పెట్టి, గుడ్డతో అరగంట రుద్దాను. మరునాడు నాణేలు సేకరించే ఒక పెద్దాయనకు గర్వంగా చూపించాను. ఆయన ఒకదాన్ని దీపం కింద అటూ ఇటూ తిప్పి, మాట్లాడకుండా నా చేతిలో పెట్టారు. నేను చేసిన పని ఏమిటో అర్థం కావడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. మీకు అంత కాలం పట్టకూడదని ఈ పాఠం రాస్తున్నాను.

1. ఏ నాణెం?

మన ఇళ్ళలో ఎక్కువగా దొరికేది పావు అణా. మన పెద్దలు దీన్నే కానీ అనేవారు. రూపాయికి 16 అణాలు, అణాకు నాలుగు కానీలు, అంటే రూపాయికి 64. 1957 ఏప్రిల్ 1న నయాపైసల లెక్క వచ్చేవరకు ఇదే పద్ధతి. 1906కు ముందు ఈ నాణెం రాగిది. ఆ ఏటి నాణేల చట్టంతో కంచుకు మారింది. ఇందులో రాగి 95 పాళ్ళు, తగరం 4, జింకు 1. బరువు 100 గ్రెయిన్ల నుంచి 75 గ్రెయిన్లకు తగ్గింది, అంటే సుమారు 4.86 గ్రాములు. యుద్ధకాలంలో 1943 నుంచి వచ్చిన చిన్న నాణేనికి నడుమ చిల్లు పెట్టారు. చిల్లు కానీ అనే మాట దానితోనే స్థిరపడింది. ఈ పాఠానికి ఐదవ జార్జి చక్రవర్తి బొమ్మ ఉన్న పావు అణాను తీసుకుందాం.

2. అరుగుదల

బ్యాంకులో మేము నోట్లను మళ్ళీ చలామణిలోకి పంపేవి, పంపకూడనివి అని వేరుచేసేవాళ్ళం. నోటు మీద ఇష్టాయిష్టాలు అక్కడ పనికిరావు. ఎవరు చూసినా ఒకే నిర్ణయం రావాలి. నాణేల తరగతి కూడా అంతే. అమెరికాలో విలియం షెల్డన్ 1949లో అక్కడి పాత రాగి సెంట్ల కోసం 1 నుంచి 70 వరకు అంకెల కొలత తయారుచేశాడు. మనకు ఇప్పటికి మాటల తరగతులు చాలు.

గుడ్: రాజు తల రూపురేఖ మాత్రమే మిగులుతుంది. సంవత్సరం చదవవచ్చు. పేరు చూసి మోసపోకండి, ఈ వ్యాపారంలో 'గుడ్' అంటే బాగా అరిగినది.

ఫైన్: కిరీటం, గడ్డం విడివిడిగా తెలుస్తాయి. వాటిలోని సన్నని పని చాలా భాగం పోయి ఉంటుంది.

వెరీ ఫైన్: కిరీటంలోని పని, రాజు దుస్తుల మీది హారం చాలావరకు కనిపిస్తాయి. ఎత్తైన చోట్ల మాత్రం నునుపు తేలుతుంది.

ఎక్స్‌ట్రీమ్లీ ఫైన్: అన్నిటికంటే ఎత్తైన చోట్ల మాత్రమే కొద్ది అరుగుదల. అక్షరాల మూలల్లో టంకసాల మెరుపు కొంచెం మిగిలి ఉండవచ్చు.

అన్‌సర్క్యులేటెడ్: చలామణిలో అరగనిది. సంచుల్లో ఒకదానికొకటి తగిలిన చిన్న గీతలు ఉన్నా ఫరవాలేదు.

ఒక జాగ్రత్త. అచ్చు సరిగా పడకపోయినా బొమ్మ పల్చగా కనిపిస్తుంది. అది అరుగుదల కాదు. అచ్చు పడనిచోట లోహం రంగు చుట్టుపక్కల రంగుతో కలిసిపోతుంది. అరిగినచోట నునుపుగా, వేరే రంగుగా ఉంటుంది.

3. తోమిన గుర్తులు

టంకసాల నుంచి వచ్చినప్పుడు కంచు నాణెం ఎర్రగా ఉంటుంది. గాలి తగిలి, ఏళ్ళు గడిచేకొద్దీ పైన సన్నని పొర ఏర్పడి గోధుమరంగుకు మారుతుంది. అది మురికి కాదు, లోహం మీదే పుట్టిన చర్మం. చింతపండులోని, నిమ్మకాయలోని ఆమ్లాలు ఆ పొరను కరిగిస్తాయి. అది ఒకసారి పోతే మళ్ళీ పెట్టలేము. పోయిందో లేదో ఇలా చూడండి.

మొదటి పరీక్ష, అన్నిటికంటే ముఖ్యమైనది: అరుగుదలకు, రంగుకు పొత్తు కుదరాలి. చలామణిలో ఉన్న నాణేనికి ఎర్రదనం ముందుగా ఎత్తైన చోట్లనే పోతుంది. కిరీటం అరిగిపోయి నాణెమంతా ఎర్రగా ఉంటే, ఆ ఎరుపు టంకసాలది కాదు, మన వంటింటిది. లెక్కల పుస్తకంలో రెండు పేజీల మొత్తాలు కలవకపోతే ఎక్కడో తప్పుందని అర్థం కదా, ఇదీ అలాంటిదే.

రెండు: నాణేన్ని ఒక్క దీపం కింద నెమ్మదిగా వంచండి. అసలు మెరుపు ఉంటే బండిచక్రం ఆకుల్లా వెలుగు గుండ్రంగా తిరుగుతుంది. ఆమ్లంలో ముంచిన నాణెం ఎటు వంచినా ఒకేలా, జీవం లేని గులాబీ రంగుతో ఉంటుంది.

మూడు: పదింతలు పెద్దగా చూపే భూతద్దంతో ఖాళీ భాగం చూడండి. ఒకే దిక్కుకు సాగిన సన్నని గీతల గుంపు కనిపిస్తే గుడ్డతోనో బ్రష్షుతోనో రుద్దినట్టు. జేబులో పడిన గీతలు ఇలా వరుస కట్టవు.

నాలుగు: అక్షరాల చుట్టూ చూడండి. రుద్దిన గుడ్డ మూలల్లోకి వెళ్ళదు. మధ్యలో తెలుపెక్కి, అక్షరాల పక్కన నల్లని అంచు మిగిలితే అనుమానించండి.

ఐదు: కొందరు తోమిన నాణేనికి మందులతో మళ్ళీ నలుపు ఎక్కిస్తారు. అది నాణెమంతా ఒకే ఛాయలో ఉంటుంది. సహజమైన రంగులో తేడాలు ఉంటాయి, గుంటల్లో ముదురు, ఎత్తుల్లో లేత.

ఒక్క గుర్తుతో తీర్పు చెప్పకండి. కనీసం రెండు కలవాలి.

4. ఏం చేయవచ్చు?

నాణేన్ని అంచులతో పట్టుకోండి. వేలిముద్రలోని చెమట కూడా కంచు మీద మచ్చవుతుంది. దుమ్ముంటే డిస్టిల్డ్ వాటర్‌లో ఉంచి తీసి, మెత్తని గుడ్డ మీద ఆరనివ్వండి. రుద్దవద్దు. పీవీసీ ప్లాస్టిక్ కవర్లలో పెట్టకండి, జిగురుపట్టి పచ్చబడుతుంది. గట్టిగా, నునుపుగా ఉన్న పచ్చదనం చాలాసార్లు అలాగే నిలిచిపోతుంది. లేతరంగులో పొడిలా రాలే చిలుము మాత్రం వ్యాధి. తేమలో అది లోహాన్ని తింటుంది. ఉప్పుతో తోమినప్పుడు మిగిలే క్లోరైడు దానికి దారి చేస్తుంది. అలాంటిదాన్ని వేరుచేసి పొడిగా ఉంచి, తెలిసినవారికి చూపించండి.

5. ధర గురించి నిజం

ఐదవ జార్జి పావు అణాలు కోట్లలో ముద్రించబడ్డాయి. అందువల్ల మామూలు సంవత్సరాల అరిగిన నాణేనికి పెద్ద ధర రాదు. అమెరికాలోని పీసీజీఎస్, ఎన్‌జీసీ వంటి సంస్థలు బాగా తోమిన నాణేనికి మామూలు అంకె ఇవ్వకుండా, తోమినదని చీటీ మీదనే రాస్తాయి. 'పాత నాణేనికి లక్షలు ఇస్తాం, ముందు రుసుము కట్టండి' అనే ఫోన్లను నమ్మకండి. తన పేరు వాడుకుని పాత నాణేలు, నోట్ల బేరాలకు రుసుము, పన్ను అడిగేవారి గురించి రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో ప్రజలను హెచ్చరించింది. ఆ తల్లికీ అలాంటి ఫోనే వచ్చింది. రుసుము కట్టకముందే మా దగ్గరికి రావడం మేలయింది.

నాణేల వల్ల ఫీజు రాదని ఆమెకు చెప్పడం నాకు కష్టమైంది. చెప్పకపోవడం ఇంకా తప్పు. డబ్బా అడుగున పరిచిన కాగితానికి అంటుకుని 1930 నాటి కానీ ఒకటి తోముడు తప్పించుకుంది. అరిగినదే, 'ఫైన్' తరగతి. కానీ గోధుమరంగు చెక్కుచెదరలేదు. దాన్ని తోమిన నాణెం పక్కన పెట్టి, అమ్మాయికి భూతద్దం ఇచ్చాను. రెండు నిమిషాలు చూసి, "ఇది మాత్రం తాత పెట్టినట్టే ఉందమ్మా" అంది. తల్లి దాన్ని అమ్మనని కొంగున కట్టుకున్నారు. ఫీజు సంగతి దరఖాస్తుల వరుసలోనే నిబంధనల ప్రకారం చూశాము.

అభ్యాసం: మీ ఇంట్లో పాత కంచు నాణేలు ఉంటే రెండు తీసుకోండి. కడగవద్దు. ఒక్కొక్కదానికి లోహం, సంవత్సరం, తరగతి, రంగు, తోమిన గుర్తులు అని ఐదు వరుసలు నోటుపుస్తకంలో రాయండి. ముందు రాయండి, తర్వాతే ఇంట్లో పెద్దలను అడగండి. ఆ నాణెం ఎవరిదో, ఎక్కడ ఉండేదో వారు చెప్పేది ఆరో వరుస. అది భూతద్దానికి కనబడదు కనుక తప్పకుండా రాసిపెట్టండి.