ఈడెన్ లోయలో ఎన్నికలు

ఇంగ్లాండు వాయవ్య భాగంలో ఈడెన్ అనే నది ఉన్నది. దానికి తూర్పున పెనైన్ పర్వతశ్రేణి, పడమట సరస్సులకు ప్రసిద్ధి చెందిన లేక్ డిస్ట్రిక్ట్ సీమ. ఈ నది పేరుతో 1974లో ఒక డిస్ట్రిక్ట్ ఏర్పడింది. దాని విస్తీర్ణం రెండు వేల చదరపు కిలోమీటర్లకు పైమాటే గాని, 2011 లెక్కల ప్రకారం జనాభా 52,564 మాత్రమే. నాటి ఇంగ్లాండు డిస్ట్రిక్టులన్నిటిలోను జనసాంద్రత అత్యల్పంగా ఉన్నది ఇక్కడే. పెన్రిత్, ఆపిల్‌బీ, కర్క్‌బీ స్టీఫెన్, ఆల్‌స్టన్ అనే చిన్న పట్టణాలు, వాటి చుట్టూ రాతిగోడల నడుమ పచ్చికబీళ్లు, గొర్రెల మందలు, విసిరివేసినట్లుండే పల్లెలు.

డిస్ట్రిక్ట్ అనగానే మనకు జిల్లా స్ఫురిస్తుంది. జనసంఖ్యను బట్టి చూస్తే ఈడెన్‌ను మన మండలంతో పోల్చడమే సమంజసం. దానికి పైన కౌంటీ, క్రింద పారిష్ ఉండేవి. బడులు, రహదారులు, గ్రంథాలయాలు, వృద్ధుల సంరక్షణ కౌంటీ బాధ్యతలు. చెత్త తరలింపు, ఇళ్ల నిర్మాణానికి అనుమతులు, స్థానిక పన్ను వసూలు డిస్ట్రిక్ట్ కౌన్సిల్ పనులు. శ్మశానవాటిక, ఆటస్థలం, బస్సు కోసం నిలిచేచోట చిన్న పందిరి - ఇటువంటివి పారిష్ కౌన్సిల్ చూసుకుంటుంది.

ఈ వ్యవస్థకు పునాది గ్లాడ్‌స్టన్ ప్రభుత్వకాలంలో రూపొంది 1894లో వెలువడిన చట్టం. అంతవరకు ఇంగ్లాండు పల్లెలలో భూస్వామి, చర్చి మతాచార్యుడు చెప్పినదే వేదం. 1894 డిసెంబరులో తొలిసారిగా పారిష్ ఎన్నికలు జరిగినప్పుడు, కూలికి పోయే రైతుపనివాడు కూడ తన యజమాని సరసన సభ్యుడుగా కూర్చునే అవకాశం కలిగింది. వివాహిత స్త్రీలకు సైతం ఈ ఎన్నికలలో ఓటు వేయడానికి, పోటీ చేయడానికి హక్కు లభించింది. పార్లమెంటు ఎన్నికలలో స్త్రీలకు ఓటు రావడానికి ఇంకను ఇరువది నాలుగేళ్లు పట్టిందన్న సంగతి విద్యార్థులు గమనించదగినది. మన దేశంలో స్థానిక స్వపరిపాలనకు దారి చూపిన రిప్పన్ తీర్మానం 1882 నాటిది. అంటే, ఇంగ్లాండు పల్లెలకు ఎన్నికైన పారిష్ కౌన్సిళ్లు రాకముందే ఆ మాట ఇక్కడ వినబడిందన్నమాట!

ఎన్నికలు సాధారణంగా మే నెల మొదటి గురువారం జరుగుతాయి. గ్రామ సమావేశ మందిరమో, చర్చికి చెందిన హాలో, ఒక్కొక్కచోట మద్యశాల గదియో పోలింగు కేంద్రమవుతుంది. ఉదయం ఏడు గంటల నుండి రాత్రి పది వరకు ఓటు వేయవచ్చు. యంత్రాలు లేవు. కాగితం మీద పెన్సిలుతో అడ్డగీతల గుర్తు పెట్టడమే. 2023 మే నుండి గుర్తింపు పత్రం చూపడం తప్పనిసరి అయింది. ఓట్లు సమానమైతే చీటీ తీసి విజేతను నిర్ణయిస్తారు. ఖర్చుకు చట్టం విధించిన పరిమితి అతి స్వల్పం. అందుచేత ఊరేగింపులు, మైకులు కానరావు. అభ్యర్థి కరపత్రాలు చేతబట్టి గడపగడపకు నడవవలసిందే. చట్టబద్ధంగా అక్కడ నివసిస్తున్న భారత పౌరులకు కూడ ఈ ఎన్నికలలో ఓటు ఉన్నది. ఆ దేశంలో ఉద్యోగాలు చేసుకుంటున్న తెలుగువారు చాలామంది ఈ హక్కు కలవారే.

ఈడెన్‌లో ఏ పార్టీకీ చెందని స్వతంత్ర సభ్యులు ఎన్నికవడం పరిపాటి. ఓటరు పార్టీని గాక మనిషిని చూసేవాడు. అయితే దీనికి మరొక ముఖం కూడ ఉన్నది. ఇంగ్లాండులో స్థానిక ఎన్నికలకు ఇంచుమించు మూడోవంతు మందే ఓటు వేయడం సాధారణం. పారిష్ స్థానాలనేకం పోటీయే లేక ఏకగ్రీవమవుతాయి, లేదా ఖాళీగా ఉండిపోతే ఉన్న సభ్యులే తోటివారిని చేర్చుకుంటారు. పట్టించుకోవలసిన సమస్యలు లేక కాదు. సరస్సుల సీమ అందానికి ముగ్ధులై దూరప్రాంతాల ధనికులు సెలవులు గడపడానికి ఇళ్లు కొంటారు. ధరలు పెరిగి, అక్కడే పుట్టిన యువకుడు ఊరు విడిచిపోతాడు. బడిలో పిల్లలు తగ్గుతారు, బస్సు ఆగిపోతుంది. కొత్త ఇళ్లు కట్టుదామంటే పచ్చిక భూములు పోతాయని అభ్యంతరం. ఏ ఎన్నికలోనైనా అభ్యర్థి గడపలో ఎదుర్కొనే ప్రశ్న ఇదే.

ఇంతలో కౌన్సిలే లేకుండా పోయింది. రెండంచెల పాలన ఖర్చుతో కూడినదని, ఏ పనికి ఎవరిని అడగాలో ప్రజలకు తెలియడం లేదని భావించి ప్రభుత్వం 2021లో విలీనానికి నిర్ణయించింది. ఆ వాదన నిరాధారమైనదని అనలేము. ఈడెన్, సౌత్ లేక్‌లాండ్, బారో డిస్ట్రిక్టులను కలిపి వెస్ట్‌మోర్లాండ్ అండ్ ఫర్నెస్ అనే పేరుతో ఒకే కౌన్సిల్ ఏర్పాటు చేశారు. దానికి 2022 మే 5న ఎన్నికలు జరుగగా లిబరల్ డెమొక్రాట్లు ఆధిక్యం సాధించారు. 2023 ఏప్రిల్ 1న ఈడెన్ డిస్ట్రిక్ట్ అంతరించింది. పూర్వం ఈడెన్‌కు మాత్రమే 38 మంది సభ్యులుండేవారు. ఇప్పుడు రెండు లక్షలకు పైబడిన జనాభా గల మూడు ప్రాంతాలకు కలిపి 65 మంది. ప్రధాన కార్యాలయం కెండల్‌లో. ఆల్‌స్టన్ నుండి పెన్రిత్‌కు ముప్పై కిలోమీటర్లు. కెండల్ చేరాలంటే డెబ్బైకి పైగా ప్రయాణం, అదీ శీతాకాలంలో మంచు పడితే మూతబడే హార్ట్‌సైడ్ కనుమ దాటి. ఖర్చు తగ్గిందో లేదో లెక్కలు తేల్చగలవు గాని, ఈ దూరం ఏ లెక్కలోను చేరదు.

2024 డిసెంబరులో ప్రభుత్వం ప్రకటించిన శ్వేతపత్రం, ఇంగ్లాండులో మిగిలిన రెండంచెల ప్రాంతాలన్నిటిలోను ఇదే మార్పు తేవాలని ప్రతిపాదించింది. పారిష్ కౌన్సిళ్ల జోలికి మాత్రం పోలేదు. ఈడెన్ లోయలో అవి యథాప్రకారం గ్రామ మందిరాలలో సమావేశమవుతూనే ఉన్నాయి.