మందను వీడిన మాట

ఆంగ్లంలో 'ఇగ్రీజియస్' అనే విశేషణం ఒకటి ఉంది. నిత్యవ్యవహారంలో అరుదు; న్యాయస్థానాల తీర్పులలో, పత్రికల సంపాదకీయాలలో కనిపిస్తుంది. దాచినా దాగని ఘోరమైన దోషాన్ని చెప్పడానికి దీనిని వాడతారు. చిన్న అచ్చుతప్పుకు ఈ విశేషణం తగదు. నిర్దోషి అని తెలిసీ ఒకనిని శిక్షిస్తే, ఆ అన్యాయానికి తగును.

పుట్టుకలో మాత్రం ఇది ప్రశంస. లాటిన్ భాషలో 'గ్రెక్స్' అనగా మంద, 'ఎ' అనగా వెలుపలికి. మంద నుండి వేరుగా నిలిచినవాడు, అనగా శ్రేష్ఠుడు అని అర్థం. మీ మార్కుల జాబితాలోని 'అగ్రిగేట్' కూడా ఈ మందకు చెందినదే. అక్కడ మార్కులన్నీ ఒకచోట చేరుతాయి. 16వ శతాబ్దంలో ఆంగ్లంలో ప్రవేశించినప్పుడు ఈ పదానికి గౌరవార్థమే ఉండేది. ఆ శతాబ్దం ముగియకముందే నిందార్థం తోడైంది. ఎత్తిపొడుపుగా వాడటమే ఇందుకు కారణమని భాషావేత్తల ఊహ. క్రమంగా నింద నిలిచింది, ప్రశంస మరుగుపడింది. ఇటాలియన్ లేఖలలో మాత్రం 'ఎగ్రేజియో' నేటికీ గౌరవ సంబోధనమే.

ఇట్టి మార్పును భాషాశాస్త్రంలో అర్థాపకర్ష అంటారు. ప్రాచీన కావ్యాలలో 'కంపు' అనగా పరిమళం, నేడు దుర్గంధం. ఛందస్సు అనగా వేదం. వేదాధ్యయనపరుడైన 'ఛాందసుడు' నేడు కాలం తెలియని పట్టుదల గలవాడు. తన అధ్యాపకుని పాండిత్యాన్ని ఆంగ్లలేఖలో 'ఇగ్రీజియస్' అని కొనియాడిన విద్యార్థి, తెలియకయే ఆయనను తిట్టినవాడవుతాడు.